ఒక్క బ్యాటరీ చాలు

ఆ పొద్దున మబ్బు బాగా కిందికి దిగింది. ఆసుపత్రి నీళ్ళ ట్యాంకుకు కాళ్ళు కనిపిస్తున్నాయి గాని తల కనిపించడం లేదు. వాన పడలేదు. అయినా ఆకులన్నీ తడిసి ఉన్నాయి. తడి ఆకు సరిగా తెగదు, నలుగుతుంది. నలిగిన అంచు రెండు రోజుల్లో తుప్పు రంగుకు తిరుగుతుంది. అందుకని ఆ రోజు కత్తిరింపు పని లేదు.

"షాపుకు పోదాం పద బావా," అన్నాను.

బావ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. అక్క కింది మెట్టు మీద నిలబడి అతని చొక్కా బొత్తాలు పెడుతోంది.

"రేపు చూద్దాంలేరా."

"రేపు ఎండొస్తే నువ్వు కంచె వదిలి కదులుతావా?"

"వెళ్ళిరండి," అంది అక్క చివరి బొత్తం పెడుతూ. "వారం రోజుల నుంచీ ఇదే పాట. మెషీను కొనుక్కు రమ్మంటే ఇంత సిగ్గుపడే మనిషిని నిన్నే చూశాను."

బావా నేనూ ఆ ఆసుపత్రిలో తోట పని చేస్తాం. గేటు నుంచి ప్రసూతి వార్డు దాకా నడుమెత్తు మొక్కల కంచె ఉంది, నూట నలభై అడుగుల పొడవు. బావ చేతిలో పెరిగిన కంచె అది. అక్క పెళ్ళయ్యేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. అప్పటి నుంచీ వాళ్ళింట్లోనే ఉన్నాను. పని కూడా బావ దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం కొంచెం ఎక్కువే. మొక్క నాటగలను, ఎరువు వేయగలను, ఆకులు ఊడ్చగలను. కంచె మటుకు నా చేత సమంగా తెగదు. ఎక్కడో ఒకచోట కుంగుతుంది.

"మెషీను పళ్ళ వైపు చూడకురా. ముందున్న గీత వైపు చూడు," అనేవాడు బావ. ఆ గీత నాకు ఎప్పుడూ కనిపించలేదు.

కత్తిరించడం అయ్యాక బావ అరచెయ్యి కంచె మీద ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాడు, దూడ వీపు నిమిరినట్టు. ఎక్కడైనా వేలికి ఒక పుల్ల తగిలితే ఆగి, జేబులోంచి చిన్న కత్తెర తీసి దాన్ని తుంచేవాడు. కిందటి చలికాలం నుంచి అరచెయ్యి మానేశాడు. చొక్కా మడిచి ముంజేతి లోపలి వైపు ఆనించి నడుస్తున్నాడు. పెట్రోలు మెషీను స్టార్టు చేసే తాడు కూడా వేళ్ళతో లాగడం లేదు, మణికట్టుకు చుట్టుకుని లాగుతున్నాడు. చలి పొద్దుల్లో వేళ్ళ కొసలు సుద్దముక్కల్లా తెల్లబడుతున్నాయి. ఇరవై రెండేళ్ళు ఆ మెషీను కుదిపిన కుదుపు ఊరికే పోదు. నేను చూస్తూనే ఉన్నాను. అడగలేదు. చేతులు పనిచేయని తోటమాలిని ఎవరు ఉంచుకుంటారు? బావ గుండెల్లో ఉన్న భయం అదేనని నాకు తెలుసు. అడిగితే ఆ భయాన్ని నా నోటితో నిజం చేసినట్టవుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. కొంతకాలంగా బావ మాతో కలిసి తినడం లేదు. "మీరు కానివ్వండి, నాకింకా ఆకలి లేదు," అని పెరట్లోకి వెళ్ళేవాడు. మేం లేచాక ఒక్కడూ కూర్చుని తినేవాడు. పళ్ళెం చుట్టూ పడిన మెతుకులు తనే తుడిచేవాడు.

వారం కిందట పెద్ద నర్సు పిలిచి చెప్పింది. "ఒకటో తారీకు నుంచి కిటికీల కింద పెట్రోలు మెషీను వద్దు. మీరు తాడు లాగగానే పద్దెనిమిది మంది పసివాళ్ళు ఒక్కసారి లేస్తున్నారు. ఎత్తుకోడానికి మేం నలుగురమే ఉన్నాం. బ్యాటరీవి తెచ్చుకోండి. ఒకటి కత్తిరించేది, ఒకటి చెత్త ఊదేది." ఆఫీసు వాళ్ళు షాపు పేరు మీద చీటీ రాసిచ్చి, ఏ రకం తేవాలో మీరే చూసుకోండి అన్నారు.

షాపావిడకు నలభై దాటి ఉంటాయి. చెవి మీద పెన్సిలు, చేతికి గ్రీజు. కత్తిరించే ట్రిమ్మర్లు మూడు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టింది.

"ఇది తేలిక. కానీ పళ్ళ సందు చిన్నది, లేత కొమ్మలకే పనికొస్తుంది. ఇది మధ్య రకం. అదేమో పొడుగు పళ్ళది, బలమైనది, బరువు కూడా అంతే."

బావ ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. వాసన చూశాడు. తిప్పి వెనక్కి చూశాడు.

"తాడు లేదు, పొగ లేదు, కేక లేదు. ఇది మెషీనేనా?"

"కేక కావాలంటే మా ఆయన్ని పంపిస్తాను అన్నా, వెంట తీసుకెళ్ళండి," అంది ఆవిడ.

బావ నవ్వాడు. ఆవిడ మధ్య రకందానికి బ్యాటరీ తొడిగి చూపించింది. "ముందు పిడికి కింద ఒక కడ్డీ ఉంది, వెనక పిడికి మీట ఉంది. రెండు చేతులూ రెండింటినీ నొక్కి పట్టుకుంటేనే పళ్ళు కదులుతాయి. ఏ చెయ్యి సడలినా ఆగిపోతుంది. మన వేళ్ళ మంచికే పెట్టారు."

"బాగుంది," అన్నాడు బావ. తన ఎడమ చేతి వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచాడు.

షాపు వెనక పెరడు ఉంది. కొనేవాళ్ళు కోసి చూడడానికి గోడ పక్కన మూడు గజాల పొద పెంచారు. రేకుల షెడ్డు కింద మెకానిక్ ఒక పాత ఇంజను బిగించి నడుపుతున్నాడు. ఆ మోతకు రేకులు కూడా వణుకుతున్నాయి. మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి.

బావ ట్రిమ్మరు తీసుకుని పొద కొసన నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. పొదను ఒకసారి కళ్ళతో కొలుచుకున్నాడు. ఆ నిలబడడం చూస్తే చాలు, చెయ్యి తిరిగిన పనివాడని ఎవరికైనా తెలుస్తుంది. షాపావిడ కూడా చేతులు కట్టుకుని చూస్తోంది. బావ కదిలాడు. గీత మీదే చూపు. ట్రిమ్మరు నీళ్ళ మీద పడవలా సమంగా జరుగుతోంది. అడుగు తర్వాత అడుగు. ఎక్కడా తొణకలేదు.

రెండో అడుగుకే నాకు అర్థమైంది. పళ్ళు కదలడం లేదు.

అరవబోయి ఆగాను. బావ ఎడమ చెయ్యి ముందు పిడిని పట్టుకునే ఉంది. పట్టుకున్నట్టే ఉంది గాని వేళ్ళు కడ్డీని నొక్కడం లేదు. నొక్కడం లేదని ఆ వేళ్ళకు తెలియదు. పెట్రోలు మెషీనైతే భుజాల దాకా కుదిపి చెప్పేది. దీనికి కుదుపు తక్కువని మేమే అనుకున్నాం, చప్పుడు లేదని నేనే వారం రోజులుగా ఊరించాను. ఉన్న కాస్త చప్పుడూ ఇంజను మోత కింద ఉందో లేదో తెలిసే దారి లేదు.

బావ పొద కొస దాకా వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మెకానిక్ ఇంజను ఆపేశాడు.

పెరడంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. బావ చేతిలోని మెషీను కూడా నిశ్శబ్దంగా ఉంది. బావ దాని వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు. నేల మీద ఒక్క ఆకు లేదు.

నవ్వబోయిన మెకానిక్‌ను షాపావిడ చూపుతోనే ఆపింది. నేను గబగబా వెళ్ళి బ్యాటరీ ఊడదీశాను.

"బ్యాటరీ సరిగా కూర్చోలేదు బావా. ఇదిగో, ఇక్కడ బురద..."

"బురద లేదురా. బ్యాటరీ మంచిదే," అన్నాడు బావ. మెషీనును జాగ్రత్తగా నేల మీద పెట్టి, గోడ పక్కనున్న చెక్క పెట్టె మీద కూర్చున్నాడు. షాపావిడ ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళింది. మెకానిక్‌ను కూడా వెంట తీసుకెళ్ళింది.

బావ తన చేతులను ఒడిలో పెట్టుకుని, అవి ఇంకెవరివో అన్నట్టు చూస్తున్నాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు చివరికి.

"చలికాలం నుంచి. అరచెయ్యి మానేశావు కదా."

"అది కూడా చూశావా."

"పనిలేనప్పుడు నిన్ను చూడడమే కదా నా పని."

"మీ అక్కకు?"

"నీ బొత్తాలు పెట్టేదెవరు?"

బావ తల ఊపాడు. "అంతా తెలిసి ఇద్దరూ నోరు కుట్టుకు కూర్చున్నారన్నమాట."

"నువ్వు కుట్టుకున్నావు కదాని మేమూ కుట్టుకున్నాం."

బావ నవ్వాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ముంజేత్తో తుడుచుకున్నాడు. నేను గోడ మీది చీమల వైపు చూశాను.

"నన్ను తీసేస్తారురా," అన్నాడు.

"గీత చూడడానికి చేతులెందుకు బావా? పట్టుకునే పని నాది. గీత నువ్వు చెప్పు."

"నువ్వు పట్టుకుంటే కంచె ఒంటె వీపవుతుంది."

"నువ్వు పక్కన లేకపోతే అవుతుంది."

బావ కాసేపు ఆలోచించాడు. తర్వాత లేచాడు. "సరే. అయితే ఇప్పుడు చూడాల్సింది నా చేతికి ఏది సరిపోతుందని కాదు. రా, నిలబడు."

అప్పుడు మొదలైంది అసలు ఎంపిక. షాపావిడను పిలిచి మూడు మెషీన్లనూ పెరట్లోకి తెప్పించాడు. ఒక్కొక్కటే నా చేతికిచ్చి, ముందుకు చాచి నిలబడమన్నాడు. తను పది అడుగులు వెనక్కి వెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు.

"పొడుగుది వద్దమ్మా. చూడండి, వీడి కుడి భుజం అప్పుడే కిందికి జారింది. సాయంత్రానికి కంచె కూడా అలాగే జారుతుంది."

"తేలికది?"

"అది మరీ తేలిక. చేతిలో ఎగురుతుంది. వీడి చెయ్యి అసలే గాలిపటం."

మధ్య రకంది పట్టుకుంటే బావ నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "కొయ్యి," అన్నాడు. కోశాను. "కొంచెం ఎత్తు. చాలు. అలాగే రా. పళ్ళ వైపు చూడకు, నా వైపు చూడు." పొద అవతలి కొసన నిలబడి తన నడుము దగ్గర ముంజెయ్యి అడ్డంగా పెట్టాడు. ఆ చేతి ఎత్తుకు సరిగ్గా వెళ్ళాను. కొస చేరి వెనక్కి తిరిగి చూస్తే, నా జన్మలో మొదటిసారి సమంగా తెగిన అంచు. ఇన్నేళ్ళు నాకు కనిపించని గీత బావ ముంజెయ్యిగా మారి ఎదురుగా నిలబడింది.

ఇక ఊదే మెషీను. షాపావిడ అడక్కుండానే లోపలి నుంచి ఒకటి తెచ్చింది. దానికి భుజానికి తగిలించుకునే పట్టీ ఉంది. బొటనవేలితో ఒక మీట జరిపితే అక్కడే నిలిచిపోతుంది, నొక్కి పట్టుకునే పని లేదు. "గాలి తప్ప కుదుపు లేదన్నా," అంది, ఎవరి ముఖం వైపూ చూడకుండా. బావ దాన్ని తగిలించుకుని మీటను అరచేతి కింది భాగంతో జరిపాడు. నేను కోసిన ఆకులన్నీ లేచి, గోడ మూలకు వెళ్ళి ఒద్దికగా కుప్ప పడ్డాయి.

"ఇది మాట వింటుంది," అన్నాడు. నా వైపు చూసి, "కొంతమందిలా కాదు," అన్నాడు.

"రెండింటికీ ఒకే రకం బ్యాటరీ," అంది షాపావిడ. "రెండు తీసుకోండి. ఇద్దరూ ఒకేసారి పని చేసుకోవచ్చు."

"ఒక్కటి చాలమ్మా," అన్నాడు బావ.

"చీటీలో రెండు రాశారన్నా."

"రాయనివ్వండి. రెండుంటే వీడొక కొసన, నేనొక కొసన పోతాం. ఒక్కటే ఉంటే వీడు కోస్తున్నంతసేపూ నేను ఊదడానికి ఉండదు, పక్కన నిలబడాల్సిందే. నేను ఊదుతుంటే వీడు కోయడానికి ఉండదు."

షాపావిడ పెన్సిలు తీసి చీటీలో రెండు కొట్టేసి ఒకటి వేసింది.

మూడో రోజుకు ఎండ వచ్చింది. ఆకులు ఆరాక ప్రసూతి వార్డు కింద మొదలుపెట్టాం. బావ నా ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, ముంజెయ్యి అడ్డంగా పెట్టి, "దించు... ఎత్తు... ఊఁ" అని గొంతు లేకుండా చెబుతున్నాడు. నలభై అడుగులు అయ్యాక బ్యాటరీ ఊడదీసి ఊదే మెషీనులో పెట్టి ఇచ్చాను. బావ ఊదుతుంటే నేను చెట్టు నీడన కూర్చున్నాను. మళ్ళీ బ్యాటరీ నాకొచ్చింది. అలా అది మా ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది. పైన ఒక్క పసివాడూ లేవలేదు.

పెద్ద నర్సు కిటికీ తెరిచి కిందికి చూసింది. "ఇంత చక్కగా ఎవరు కోశారు?" అంది మెల్లగా.

నేను నోరు తెరిచేలోపే బావ కిటికీ కిందికి వెళ్ళాడు. రెండు చేతులూ ఆమెకు కనిపించేలా ఎత్తాడు.

"అమ్మా, నా వేళ్ళకు స్పర్శ పోయింది. కోసేది వీడు. గీత నాది. మీకు ముందే చెప్పాల్సింది."

ఆమె బావ చేతుల వైపు చూసింది. తర్వాత కంచెను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తొందరపడలేదు.

"గీత బాగుంది," అంది. "ఇద్దరూ ఇలాగే కానివ్వండి. ఆఫీసుతో నేను మాట్లాడతాను. సోమవారం పొద్దున వచ్చి ఆ చేతులు డాక్టరుకు చూపించు. పెట్రోలు మెషీను ఇంక ముట్టుకోకు." చప్పుడు కాకుండా కిటికీ మూసింది.

బావ ఎత్తిన చేతులు దించాడు. తర్వాత కంచె మీదికి వంగి, ముంజెయ్యి కాదు, చెంప ఆనించాడు. ఆనించి రెండడుగులు నడిచాడు.

"ఇక్కడొక పుల్ల ఉందిరా," అన్నాడు. వెళ్ళి తుంచాను.

మధ్యాహ్నం ఇంటికెళ్ళాం. బ్యాటరీని గోడకు చార్జింగ్ పెట్టాను. చేతులు కడుక్కున్నాం. జరిగింది అక్కకు రెండు ముక్కల్లో చెప్పాడు బావ. ఆమె వింది. పొయ్యి వైపు తిరిగి, ఆరిన మంటనే ఇంకోసారి ఆర్పింది.

మూడు పళ్ళేలు పెట్టింది. ఒక్కొక్క పళ్ళెం పక్కన ఒక్కొక్క చెంచా పెట్టింది, తనకూ నాకూ కూడా. ఆ ఇంట్లో అన్నానికి చెంచా వాడడం అదే మొదటిసారి.

బావ చెంచా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. పెరట్లోకి వెళ్ళలేదు. పీట లాక్కుని మా మధ్య కూర్చున్నాడు. చెంచాను పిడికిట్లో పట్టుకున్నాడు. మేమూ అలాగే పట్టుకున్నాం.

గోడ దగ్గర బ్యాటరీ మీద చిన్న పచ్చ దీపం వెలిగి ఆరుతూ ఉంది. ముగ్గురం కలిసి తిన్నాం.