కుర్చీ బొమ్మ

"ఇవాళ నీకు పనేమీ లేదుగా, నాలుగింటికి అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు," అన్నాడు మా ఆయన, నేను పాలగిన్నె అడుగు గీకుతుండగా. పని లేదని ఎవరు చెప్పారన్నాను. ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. "నేనన్నానా? మీ ఆఫీసే చెప్తోంది."

నిజమే, అది మేం తయారుచేస్తున్న వెబ్ అప్లికేషనే. ఇంట్లో ఎవరికి ఏ రోజు ఏం పనుందో అందరికీ కనపడేలా మనిషికో పేజీ. సరిచూడడానికని మా ఇంట్లోనూ పెట్టాను. ఆయన పేజీ మీటింగులతో కిటకిటలాడుతోంది. నా పేజీలో ఒక పడక్కుర్చీ బొమ్మ, దాని కింద: "ఈ రోజు మీకు పనేమీ లేదు. హాయిగా ఉండండి!"

ఏమీ లేని తెర మీద ఏ మాట కనపడాలో రాయడమే నా ఉద్యోగం. ఆఫీసులో నన్ను "ఖాళీల మేడమ్" అంటారు. ముద్దుపేరట! ముద్దు వాళ్ళది, పేరు నాది. తెర బోసిగా ఉండడానికి సవాలక్ష కారణాలు. ఇంకా ఎవరూ ఏమీ రాయకపోవచ్చు, రాసింది చేరకపోవచ్చు, మనమే ఏదో నొక్కి దాచేసి ఉండొచ్చు. అందుకే "ఈ రోజుకి ఇంకా ఏమీ రాయలేదు" అని రాశాను. "మరీ చప్పగా ఉంది మేడమ్, చూసేవాళ్ళకి హుషారు రావద్దూ?" అని మా లీడరు అది కొట్టేసి ఈ వాక్యం, కుర్చీ తగిలించాడు. పోనీలే అని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది. ఐదింటికి లేచి వంట, డబ్బాలు, బట్టలు ఆరెయ్యడం, అత్తయ్య కంట్లో పూటపూటా చుక్కలు. ఇవన్నీ పేజీలో రాసుకోవడానికి నా చెయ్యి తడారితేగా!

"నాలుగింటికే మా కొత్త పేజీలు జనంలోకి వెళ్తున్నాయి, నేను ఆఫీసులో ఉండాలి," అన్నాను.

"నువ్వు రాసే ఆ రెండు ముక్కలకి నువ్వే కాపలా ఉండాలా?" అని ఆయన బూట్లు తొడుక్కున్నాడు. "కూర్చుని టైపు కొట్టడమేగా, అదీ ఒక పనేనా," అని గదిలోంచి అత్తయ్య. ఒళ్ళు మండిపోయింది. గిన్నె అలాగే సింకులో పడేసి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

మీటింగులో నా పేజీని గోడ మీద తెరకెక్కించి, పొద్దుట్నించి చేసినవన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెట్టాను. లీడరు వాచీ చూసుకున్నాడు.

"ఒక్క వాక్యానికి ఇంత రాద్ధాంతమా మేడమ్?"

"ఒక్క వాక్యమే. కానీ పచ్చి అబద్ధం. రేపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దీన్ని చూపించి ఇంకొకరి నెత్తిన పని పడేస్తారు. మా ఇంట్లో పొద్దున్నే పడింది."

ఏ మీటింగులోనూ నోరు విప్పని టెస్టింగ్ అమ్మాయి మెల్లగా, "మా ఇంట్లో మొన్నే అయింది," అంది.

లీడరు నిట్టూర్చాడు. "సరే, మార్చండి. నాలుగింటిలోపు మీరే సరిచూసుకోవాలి మరి."

కుర్చీ తీసేశాను. దాని చోట రాశాను: "ఇక్కడ ఇంకా ఏమీ రాయలేదు. పని లేదనుకోకండి. అడగండి." సరిచూడడానికి ముందుగా మా మా ఇళ్ళలో ఉన్న పేజీలకే పంపించాం.

మూడున్నరకి మా ఆయన ఫోను చేశాడు. నేను బయల్దేరానో లేదో చూద్దామని నా పేజీ తెరిచినట్టున్నాడు.

"ఇదేంటి, కుర్చీ పోయింది?"

"పోయింది."

"పని లేదనుకోకండి. అడగండి," అని పైకే చదివాడు.

"నీకు... నాలుగింటికి వీలవుతుందా?"

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"వీలవదు," అన్నాను. "చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో ఉంది. డాక్టరుకి చూపించడం మర్చిపోకండి."