గడ్డంగారి పగలు, నా పగలు

కుట్టడం నా వృత్తి, కన్ను కుట్టడం నా ప్రవృత్తి అని మా ఆవిడ పదిమందిలో అంటుంది. ఆ పదిమందిలో ఏడుగురు ప్యాంట్లు నా దగ్గరే కుట్టించుకుంటారు కాబట్టి వాళ్లతోపాటు నేనూ నవ్వుతాను. కానీ మాట నిజమే. పోయిన చలికాలం నేనొక ప్లాస్టిక్ పెట్టెని చూసి కుళ్లిపోయాను. సబ్బుపెట్టె అంత ఉంటుంది. రెండు అంకెలు, మూడు బటన్లు. మామూలు చొక్కాకే ఏడు బటన్లుంటాయి, మూడింటికి అంత గొప్పేంటండీ?

అసలు కథ గడ్డంగారిది. గడ్డంగారు తొండ. కోపమొస్తే గొంతు కింద ముళ్లగడ్డం ఉబ్బించే రకం, మూరెడు పొడుగు. నాలుగేళ్ల కిందట ఒక కస్టమరు కోటు కుట్టించుకుని, ఇల్లు మారుతూ, దీన్ని అద్దాల గూటితో సహా నా దుకాణంలో దించి, "రెండ్రోజుల్లో వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. ఆ మాట కనిపెట్టింది మా టైలర్లు. మా మందు మాకే పట్టించాడు.

మా ఇంటి ముందుగదే నా దుకాణం. మిషను పక్కనే గూడు. పొద్దున ఆరున్నరకి దీపం వేస్తాను, దాని కింద రాయి వేడెక్కుతుంది, గడ్డంగారు రాయెక్కుతారు. సాయంత్రం షట్టరు దించేటప్పుడు దీపం ఆర్పి, వెలుగు లేకుండా వేడి మాత్రం ఇచ్చే పింగాణీ హీటరు వేస్తాను. చలికాలమైతే రాత్రి రెండుసార్లు లేచి అద్దం మీద చెయ్యి పెట్టి చూస్తాను. చెప్పిన తేదీకి ఒక్క బట్ట ఇచ్చి ఎరగని నేను, టైముకి చేసిన పని ఇదొక్కటే. "పిల్లలకి జ్వరమొస్తే లేవలేదు ఈ మనిషి" అని మా ఆవిడ దెప్పేది. ఆ దెప్పులో నాకు మెప్పే వినిపించేది.

ఇలా ఉండగా మా బావమరిది దిగాడు. ఎలక్ట్రీషియన్. చిన్నప్పుడు ఇంట్లో ఫ్యూజులన్నీ పీకి దాచేవాడని ఫ్యూజు అనే పేరు స్థిరపడింది. గూట్లో చెయ్యి పెట్టి చూశాడు.

"ఇదేంటి బావా, రాత్రుళ్లు కూడా ఇంత వేడా?"

"మరి? చలికి బిగుసుకుపోదూ?"

"దాని సొంత ఊళ్లో రాత్రయితే చల్లబడుతుంది బావా. పగలు కాగాలి, రాత్రి చల్లారాలి, అప్పుడే దానికి నిద్ర. మనుషుల్నే చల్లగా ఉండమని దీవిస్తాం కదా! నువ్వు నాలుగేళ్లుగా దీన్ని వేయిస్తున్నావు."

"మా తమ్ముడికి తెలియనిదంటూ ఉందా!" అంది మా ఆవిడ. నాకు తెలిసినదంటూ ఏదీ లేదని దానర్థం.

వారం తిరక్కుండా థర్మోస్టాట్ అని, నేను మొదట చెప్పిన ఆ పెట్టెని తెచ్చి బిగించాడు. దాన్నుంచి ఒక వైరు గూటి వెనక కంతలోంచి లోపలికెళ్తుంది. వైరు చివర చిటికెనవేలి గోరంత లోహపు ముక్క. అది లోపలి వేడి ఎంతో చూసి పెట్టెకి చాడీలు చెబుతుంది, పెట్టె ఆ చాడీలు విని దీపాన్నీ హీటర్నీ వేస్తుంది, ఆపుతుంది. గడ్డంగారికి పగలు ముప్పై ఎనిమిది డిగ్రీలు, రాత్రి ఇరవై రెండు. నాకు మాత్రం పగలు రెండే. ఒకటి పెట్టె మీద, రెండోది తెచ్చినవాడి మీద. వాడింకా ఏదో చెబుతూనే ఉన్నాడు, హీటరు మార్చాననో, ఏదో. వినపడకుండా నేను మిషను గట్టిగా తొక్కాను.

మూడు వారాలయ్యేసరికి, పాత ఖాకీ నిక్కరు రంగులో ఉండే గడ్డంగారు నారింజపండులా వెలగడం మొదలెట్టారు. ఆకులు తింటున్నారు. పురుగుల వెంట పరిగెడుతున్నారు. ఇన్నేళ్లూ కదలకుండా కూర్చుంటే గాంభీర్యం అనుకున్నాను, నిద్ర చాలకట! తెలిశాక సంతోషించాలి కదా? ఎక్కడ! నా చేతిలో వాడినది, వాడి చేతిలో విరిసింది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు, మాది ముదిరి బావమరిది పార్టీలో చేరింది. ఫ్యూజు గొంతు వినపడితే చాలు, అద్దం దగ్గరికి ఉరుకు!

ఒకరోజు అరిగిన కాలరు తిప్పించుకోడానికి వచ్చిన లాయరు గూట్లోకి తొంగిచూసి, "అయ్యో, పాతది పోయిందా? కొత్తది భలే ఉందండీ" అన్నాడు.

"పాతదేనండీ!" వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "మా తమ్ముడి చెయ్యి పడింది!"

లాయరు కాలరు రెండుసార్లు వంకరగా కుట్టి, రెండుసార్లు విప్పాను.

నాది కుట్టు పని. ఆ సాయంత్రం చేసింది కుట్ర. ఎనిమిదింటికి షట్టరు దించి, గూటి వెనకనుంచి వైరు బయటికి లాగి, దాని కొన తీసి ఇస్త్రీబల్ల కింద చన్నీళ్ల చెంబులో ముంచాను. పెట్టె మీద పంతొమ్మిది అని పడింది. అయ్యో చలి అనుకుని హీటరు వేసింది. ఇక రాత్రంతా ఆపదు. పొద్దున్నే మా ఆవిడకి చూపించి, "మీ తమ్ముడి పెట్టెకి మతి పోయింది" అని పీకించెయ్యాలని పథకం. గడ్డంగారికి నష్టమేముంది? నాలుగేళ్లు నేనూ రాత్రంతా హీటరు వేసే ఉంచానుగా.

పొద్దున ఆరున్నరకి వెళ్లి చూస్తే అద్దం ముట్టుకోనివ్వడం లేదు. హీటరు సరిపోలేదని పెట్టె దీపం కూడా వేసింది. గడ్డంగారు రాయికి ఎంత దూరం పోగలరో అంత దూరం పోయి, చివరి మూలలో పొట్ట నేలకి పరిచి, నోరు తెరుచుకుని ఉన్నారు. పిలిచాను. కన్ను కదిలింది, ఒళ్లు కదల్లేదు.

స్విచ్చులన్నీ ఆపేశాను. తలుపు తీశాను. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, అరవడానికి ముందే వైరుని చెంబులోంచి తీసి, తుడిచి, మళ్లీ లోపలికి తోసేశాను. అప్పుడు అరిచాను.

ఫ్యూజు పది నిమిషాల్లో వచ్చాడు, చొక్కా తిరగేసి తొడుక్కుని.

"చన్నీళ్లు పొయ్యకు బావా, ఒక్కసారిగా చల్లబడితే ఇంకా ప్రమాదం. గోరువెచ్చటి నీళ్లు పట్రా అక్కా." పెట్టె చూశాడు, వైరు చూశాడు. "నాదే తప్పు. పాత హీటరు అరవై వాట్లు, పెట్టె ఆపుతుంది కదాని నూటయాభైది పెట్టాను. పెట్టె చెడిపోతుందని అనుకోలేదు."

నూటయాభై! పాత కొలత పట్టుకుని కొత్త మనిషికి బట్ట కత్తిరించాను నేను.

"నీ పెట్టె తగలెయ్యా!" అంది మా ఆవిడ తమ్ముణ్ణి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో వాణ్ణి తిట్టడం అదే మొదలు. నేను కోరుకున్నది కోరుకున్నట్టు జరుగుతోంది.

ఫ్యూజు జంతువుల డాక్టరుకి ఫోన్ చేశాడు. "నోరు తెరిచే ఉందండీ... ఎంతసేపటి నుంచా? తెలీదండీ, పెట్టె ఎప్పుడు చెడిందో... ఇప్పుడే అయితే చల్లటి గదిలో ఉంచాలి, రాత్రి నుంచయితే వెంటనే తేవాలా? ఎలా చెప్పడమండీ..."

ఆ ఇంట్లో అది చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

"రాత్రి ఎనిమిది నుంచి," అన్నాను.

"నీకెలా తెలుసు బావా?"

"పెట్టె చెడలేదు. వైరు నేనే తీసి నీళ్లలో పెట్టా."

వాడు నావైపు చూడలేదు. ఫోన్లో, "పది గంటలు దాటిందండీ, తెస్తున్నాం," అన్నాడు. మా ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి బుట్టలో తువ్వాలు పరిచింది. తిట్టినా బాగుండేది.

డాక్టరు చర్మం కింద సూదితో నీళ్లెక్కించాడు. మధ్యాహ్నానికి నోరు మూసుకుంది. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే మూసేది నోరు కాదన్నాడు. సాయంత్రానికి ఇల్లు చేరాం.

ఫ్యూజు స్క్రూడ్రైవరు తీశాడు. "నీకిష్టం లేదని ముందే చెబితే పోయేది కదా బావా. తీసుకుపోతా. పాత హీటరు పెట్టేస్తా, నువ్వే చూసుకో."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా," అన్నాను. "రాత్రి అంకె ఏ బటనుతో మారుతుందో చూపించు."

చూపించాడు. వైరు కొనని గూటి నడుమ కట్టించి, మళ్లీ లాగినా రాకుండా నా చేత్తోనే దారంతో ఏడు ముళ్లు వేశాను. ఒకసారి మార్చి చూసి, మళ్లీ ఇరవై రెండు అని పడేదాకా నొక్కాను.

ఈలోగా గడ్డంగారు నెమ్మదిగా డేకుతూ ఫ్యూజు చొక్కా చేతి మీదికెక్కి, మోచేతి మడతలో తలపెట్టి కళ్లు మూసుకున్నారు. తప్పు చేసింది నేనని దానికేం తెలుసు? తెలియకుండానే సరిగ్గా ఎంచుకుంది. అందుకే నాకు ఇంకా మండింది.

"దింపు," అన్నాను.

"నిద్రపోయింది బావా."

"అయితే కదలకు. కూర్చో."

వాడు స్టూలు మీద గంటన్నర కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని కాజాలు కుట్టాను, ఒక్కో కాజాకి ఒకసారి తలెత్తి వాడి మోచేతి వైపు చూస్తూ.