అబ్దలీ తోటలో ఊట

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన మూడో రోజుకే మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమాని, మా కఫీల్, కుటుంబంతో సౌదీకి దాటిపోయాడు. మా పాస్‌పోర్టులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఇరాక్ సరిహద్దు దగ్గర అబ్దలీలోని ఆయన తోటలో ముగ్గురం మిగిలాం: నేను, తోటమాలి సాయిబాబు, వంటచేసే రజియా బీ. మంచినీళ్ళ ట్యాంకర్ రావడం మానేసింది. తోట బోరు నీళ్ళు ఖర్జూరాలకు తప్ప నోటికి పనికిరావు.

నాది రాయచోటి. ఇరవై బావులు తవ్విన చేతులివి. తీరా నీళ్ళు కనిపెట్టింది కోనసీమ నుంచి వచ్చిన సాయిబాబు! కాలవ గట్టున పుట్టి, వంగి చెంబు ముంచుకోవడం తప్ప ఎరగనివాడు. తోట వెనక పల్లంలో మండుటెండలోనూ పచ్చగా ఉన్న గరిక చూసి మోకాలి లోతు తవ్వాడు. తియ్యటి నీళ్ళు ఊరాయి. చుట్టూ రాళ్ళు పేర్చి, అడుగున గులకరాళ్ళు పరిచి, పైన ఈతచాప కప్పాడు. రోజుకు నాలుగు బిందెలకు మించి తోడనిచ్చేవాడు కాదు.

రజియా బీది మా ఊరే. అంతదాకా మొదటి రొట్టె నాకు పెట్టేది. ఇప్పుడది సాయిబాబుకు వెళ్ళింది.

"సాయన్న లేకుంటే నాలిక పిడచగట్టి సచ్చిపోయేవాళ్ళం గదన్నా," అంది నాతోనే.

కడుపు మండిపోయింది. వాడు తోడిన నీళ్ళు తాగుతూనే వాణ్ణి తిట్టుకునేవాణ్ణి.

"ఇంగో నిలువు దించితే బాయి నిండుతాది. దించుదామా?" అన్నాను ఒకరోజు.

"వద్దండి ఈశ్వరయ్యగారూ. మా సముద్రం ఒడ్డునా ఇంతేనండి. పైన తేటనీరు, కింద ఉప్పు. గునపం దింపేరంటే రెండూ కలిసిపోతాయండి."

పేరు నాకు పోతుందని వాడి భయం, అనుకున్నాను. మా సీమలో లోతుకు పోయినవాడికే నీళ్ళు.

మర్నాడు వాడు పిండి కోసం పక్క తోటకు వెళ్ళగానే గునపం పట్టాను. మధ్యాహ్నానికి నడుం లోతు దిగాను. ఒక్కసారిగా నీళ్ళు ఉబికొచ్చాయి. గర్వంగా రజియా బీని కేకేశాను. ఆమె దోసిలితో నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఉప్పుగుండాయి గదన్నా! ఎంత పని జేస్తివి!"

తోడాను. తోడేకొద్దీ ఉప్పదనం పెరిగింది.

సాయిబాబు వచ్చి పిండి మూట దించి, వేలు ముంచి రుచి చూశాడు. బూతులు తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఇంకిక్కడ ఉండలేమండి. తెల్లారగానే సిటీకి బయల్దేరిపోదాం," అన్నాడు.

కాగితాల్లేకుండా, దారి పొడుగునా సైన్యం ఉండగా, ఆడమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. రజియా బీ ఉన్న పిండంతా రొట్టెలు చేయడానికి కూర్చుంది.

పొద్దున తోడిన బిందెలో సగం మిగిలి ఉంది. వాడు గ్లాసు ముంచి ముందు నాకిచ్చాడు.

"ఎండలో తవ్వేరు కదండీ. తాగండి."

తాగాను. ఇంత జరిగాక కూడా ఆ గ్లాసు ముందు నాకు అందించగలిగినందుకు వాడి మీద మళ్ళీ కుళ్ళుకున్నాను.