కార్తీకంలో వెల్లుల్లి

మేత డబ్బా మూతలో ఏడో చుక్క వేసి, జగన్నాధం చిన్న సీసాను చొక్కా జేబులో దాచుకున్నాడు. చీరల బీరువా చాటున నిలబడి మేత గింజలను వేలికొనతో ఆ రసంలో కలియబెట్టాడు. పది నిమిషాలు నానాలి. ఈలోగా బట్టల షాపు షట్టరు పూర్తిగా ఎత్తి, చీరలు పరిచే పరుపు మీద తెల్ల దుప్పటి సర్ది, దేవుడి పటాల ముందు నిన్నటి పూలు తీశాడు. తిరిగొచ్చి గాజుతొట్టిలో గింజలు వేయగానే మూడు బంగారు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

నరసన్నపేట బజారులోని ఆ షాపులో చేరి ఇరవై ఆరేళ్లయింది. రోజుకు వంద చీరలు విప్పి, మళ్లీ మడిచి, అతని భుజాలు ముందుకు వంగిపోయాయి. మడతలు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి గోరు పలకలా అరిగింది. కొనేవాళ్లు రంగు బాగోలేదన్నా, పొడవు తగ్గిందన్నా "అవునమ్మా" అనడమే అతనికి అలవాటు. చేపల పని అతనికెవరూ అప్పగించలేదు. యజమాని గోవిందరావు వాస్తుకు మంచిదని తొట్టి కొని తెచ్చి మరిచిపోతే, నీళ్లు మార్చేవాళ్లు లేక అతనే మార్చాడు. ఆ షాపులో తనదని అతను లోలోపల అనుకునేది అదొక్కటే.

దసరా వెళ్లాక చేపలకు తెల్లమచ్చలు వచ్చాయి. మూడు చచ్చిపోయాయి. మందుతో మచ్చలు పోయినా, మిగిలిన మూడూ మేతను నోట్లోకి తీసుకుని ఉమ్మేసేవి. శ్రీకాకుళంలో చేపలమ్మే అతనికి ఫోన్ చేస్తే వెల్లుల్లి రసంలో నానబెట్టి పెట్టమన్నాడు. ఆ వాసనకు వాటికి ఆకలి పుడుతుందట. ఇంట్లో భార్య కాంతం రెండు రెబ్బలు దంచి, గుడ్డలో పిండి ఇచ్చింది. "పెల్లాం జొరానికి కసాయం ఎట్టనేదు గానీ, సేపలకి వైద్దిగమా!" అని నవ్వింది. నాలుగో రోజుకు చేపలు తిన్నాయి.

కానీ అది కార్తీక మాసం. గోవిందరావు తల్లిని షాపులో అందరూ అమ్మగారంటారు. ఆ నెలంతా ఆమె ఉల్లి, వెల్లుల్లి గడప దాటనివ్వదు. రోజూ షాపుకొచ్చి పటాల ముందు దీపం పెడుతుంది. చేపలు తినడం చూసి, "నేను తొట్టిలో తీర్థం పోసినాను. ఆ మహిమే ఇది, చూసినావా జగన్నాధం?" అంది.

"అవునమ్మగారూ" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇక నిజం చెప్పే వీల్లేకుండా పోయింది.

ఆ రోజు సోమవారం. పదకొండు గంటల వేళ పై అరలోంచి లాగుతున్న చీరల కట్ట జారి అతని ఛాతీకి తగిలింది. జేబులో సీసా మూత ఊడి, రసం చొక్కాలోకి ఇంకింది. మెట్ల కింద కుళాయి దగ్గరికి పరుగెత్తి, మిగిలింది పారబోసి, చొక్కా ముందుభాగం కడుక్కున్నాడు. తాగే నీళ్లు ఒలికాయని తోటివాళ్లకు చెప్పాడు. ఆ కుళాయి పక్కనే, షాపు ఊడ్చే చిన్నతల్లి అన్నం క్యారేజీ ఉంది.

అమ్మగారు ప్రమిదలో నూనె పోస్తూ ఆగింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాసన వెంటే మెట్ల కిందికి వచ్చింది.

"సోమారం పూట ఎల్లుల్లి తెచ్చినావేటే?"

చిన్నతల్లి ఊడ్పు ఆపి నిలబడింది. "నాను తేనేదమ్మా. మాగాయ ముక్కేసుకున్నాను, అంతే. కావాలంటే సూడండి" అంటూ క్యారేజీ మీదికి వంగింది.

"మూత తియ్యకు!" అంటూ అమ్మగారు వెనక్కి జరిగింది.

గల్లా దగ్గర్నుంచి గోవిందరావు లేచి వచ్చాడు. చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. అతను చిరాగ్గా జగన్నాధం వైపు తిరిగాడు. "నువ్విప్పుడే కదా ఇటొచ్చినావు? నీకు తెలీలేదా వాసన?"

తడి చొక్కా జగన్నాధం ఒంటికి అంటుకుని ఉంది. చిన్నతల్లి అతన్నే చూస్తోంది. చెప్పేయాలనే నోరు తెరిచాడు.

"జలుబు బావూ" అన్నాడు. "ముక్కు పట్టీసినాది."

చిన్నతల్లి చూపు దించుకుంది. మళ్లీ చీపురు అందుకుంది.

"ఉన్న పని కానిచ్చి ఎల్లిపో. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు గోవిందరావు.

ఒంటిగంటకు ఆమె క్యారేజీ చంకన పెట్టుకుని బయల్దేరింది. జగన్నాధం తొట్టి పక్కన చీర మడుస్తున్నాడు. అతని దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"సేపలకి మేత ఉత్తినే ఎట్టకు అన్నా" అంది మెల్లగా. "నానబెట్టే ఎట్టు. సెనివారం ఉత్తినే ఎట్టీసినావు, ఉమ్మీసినాయి."

ఆమెకు మొదట్నుంచీ తెలుసు. అమ్మగారి ముందు అతన్ని చూసిన ఆ చూపు సాయం అడగడానికి కాదు, అతనికి అవకాశం ఇవ్వడానికి. ఆమె మెట్లు దిగి, ఆటోల మధ్య నుంచి రోడ్డు దాటింది. పది అంగలేస్తే అందేది. చేతిలో చీర సగం మడతలో ఉంది. అతను ఆ మడత పూర్తిచేశాడు.

మధ్యాహ్నం పొడి గింజలు వేశాడు. చేపలు నోట్లోకి తీసుకుని వదిలేశాయి. సాయంత్రం అమ్మగారు కొబ్బరి ముక్క ప్రసాదం పెట్టింది. రెండు చేతులా అందుకున్నాడు కానీ, వేళ్లు నోటి దాకా వచ్చేసరికి వెల్లుల్లి వాసన కొట్టింది. తినలేక కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు.

షాపు మూసేవేళకు ధైర్యం కూడగట్టుకుని గల్లా దగ్గరికి వెళ్లాడు.

"బావూ, చిన్నతల్లి..."

"ఆ గొడవ ఒగ్గీ. ఇంకో మనిషి దొరికే దాకా ఊడుపూ తుడుపూ నువ్వే చూసుకో" అన్నాడు గోవిందరావు, తల ఎత్తకుండానే.



"అలాగే బావూ" అన్నాడు.

చీపురు కోసం మెట్ల కిందికి వెళ్లి లైటు వేశాడు. అంత మాట పడ్డాక కూడా చిన్నతల్లి నేల మొత్తం తుడిచి వెళ్లింది. తుడిచిన గుడ్డను సబ్బు పెట్టి ఉతికి, పిండి, మెట్ల కమ్మీ మీద నాలుగు మూలలూ లాగి ఆరేసింది. గాలి తగలని ఆ మూలలో దాని కింది అంచు ఇంకా తడిగానే ఉంది.