వాల్వు మీద రాయి

శ్రీకాకుళంలో మా పాత పార్కును బాగుచేస్తూ, అక్కడ ముప్పయ్యేళ్లు తోటమాలిగా చేసిన నన్ను ఇంటికొచ్చి మరీ పిలుచుకెళ్లారు. రిటైరైన రోజు ఒక్కరు టీ కూడా ఇప్పించలేదు, అది వేరే సంగతి.

ఇంజనీరు అరుణశ్రీ రాతి ఫౌంటెన్ చూపించింది. "ఎర్రన్నగారూ, పైపులన్నీ మార్చేశాం. నీళ్లు వదిలే పాత వాల్వే దొరకడం లేదు. రేపటికి దొరక్కపోతే ఫౌంటెన్ పీకేసి సిమెంటు ఏనుగును పెడతారట."

వాల్వు ఎక్కడుందో నాకు తెలుసు. కుర్రాళ్లు ఊరికే తిప్పేస్తున్నారని ఒకప్పుడు నేనే దాని మీద పెద్ద రాయి పెట్టాను. ఆ రాయే ఇప్పుడు గేటు పక్కనున్న అసిరితల్లి. పసుపు, కుంకుమ, వేపమండలు, రోజూ దీపం. పార్కంతా తవ్విన కూలీలు దాని చుట్టుపక్కల పలుగు వెయ్యలేదు.

ఆ తల్లికి మొదట మొక్కింది కూర్మమ్మ. గేటు దగ్గర చేపలమ్ముతుంది. కొడుకు వేటకెళ్లిన ప్రతిసారీ అక్కడే దండం పెట్టుకుంటుంది. నువ్వు మొక్కేది నేను పెట్టిన రాయికి అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పకపోతే ఫౌంటెన్ పోతుంది. సిగ్గు విడిచి వెళ్లాను.

"కూర్మమ్మా, ఆ రాయి సంగతి ఒకటి సెప్పాల..."

"నువ్వే పెట్టినావు. అయితే ఏటి?" అంది, చేప పొలుసు గీకుతూనే.

"నీకెలా తెలుసే?" అన్నాను.

"నాను ఇక్కడే ఉన్నాను కదా బావా! నువ్వటు ఎల్లగానే కుర్రోళ్లు దొర్లించీసేవోళ్లు. రెండుసార్లు నానే ఎత్తి పెట్టినాను, నడుం పడిపోనాది. మూడోసారి పసుపు రాసీసినాను. మరొక్కడు ముట్టుకుంటే ఒట్టు."

"మరి మొక్కులేటే?"

"పసుపు రాసినాక మొక్కకుండా ఉంటామేటి? తుపానులో నా కొడుకు తిరిగొచ్చినాడు. ఇప్పుడు తల్లే."

చెయ్యి కడుక్కుని వచ్చింది. "కొంచెం పక్కకి జరుగమ్మా" అని రాయి మీద పసుపునీళ్లు పోసింది. ఇద్దరం కలిసి జరిపాం. ఇన్నేళ్లు దీపం నూనె కారి కారి వాల్వుకు తుప్పే పట్టలేదు. తిప్పితే తిరిగింది. ఫౌంటెన్ రెండుసార్లు దగ్గి, నీళ్లు పైకి లేచాయి. నేను ఏడ్చేశాను. హమ్మయ్య అని అరుణశ్రీ అక్కడే కూలబడింది.

"మరి ఈ రాయి ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది.

"ఉన్నకాడే" అంది కూర్మమ్మ. "కాపలా ఎవులు కాస్తారు?"

మళ్లీ వాల్వు మీదే పెట్టాం. ఈసారి నేను కూడా దండం పెట్టాను.