తేట సీసా

ప్రవల్లికను చూస్తే అశ్వినికి ఒళ్ళు మంట. పరాయిదా అంటే కాదు, సొంత పిన్ని కూతురు. విశాఖలో పెరిగింది, తనకంటే చిన్నది, అదే అసలు బాధ! ఇద్దరూ చోడవరంలో ఒకే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నారు. డౌటొస్తే పిల్లలంతా ప్రవల్లిక మేడం చుట్టూనే మూగుతారు. ఇంట్లో అమ్మ కూడా "మా సెల్లి కూతురు" అంటూ తెగ మురిసిపోతుంది. కన్నకూతురు ఒకతి ఉందన్న ధ్యాసైనా ఉండొద్దూ?

ఇప్పుడేమో విశాఖ యూనివర్సిటీ నుంచి రమణమూర్తి మేష్టారు వచ్చారు. ఆయన ల్యాబులో పీహెచ్‌డీ సీటు ఒక్కటే ఉంది, ఇద్దరికీ అదే కావాలి. ఆయన పనంతా మన ఒంట్లో కణాల చుట్టూ ఉండే పొర మీద. అందులో కబుర్లు మోసే కొవ్వులు కొన్ని ఉంటాయి. వాటికి ఋణావేశం ఎక్కువ కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తిరుగుతాయి. ఆమ్లత్వం తగ్గితే ఆ ఆవేశం ఇంకా పెరుగుతుంది. అప్పుడు గనక కాల్షియం తగిలిందా, దాన్ని పట్టుకుని గుంపులు కట్టేస్తాయి.

"ఏ లోహమూ తగలకుండా ఆ కొవ్వులతో పొరబుడగలు చేసి చూపించండి" అని ఇద్దరికీ పరీక్ష పెట్టారాయన.

ప్రవల్లికకు డిస్టిల్డ్ వాటర్ చాల్లేదు. అల్మారాలో "తేట" అని రాసిన సీసా కనిపించింది. పాత లేబుల్ ఊడిపోతే అటెండరు అప్పలనరసమ్మ అంటించిన చీటీ అది. ఆవిడది బెల్లం వండే ఇల్లు. తేట అంటే ఆవిడకు చెరకురసంలో పోసే సున్నపు తేటే. పట్నం పిల్ల ప్రవల్లికేమో తేటనీళ్ళు, అంటే డిస్టిల్డ్ వాటరే అనుకుని కాస్త కలిపేసింది.

పక్క బల్ల దగ్గర నుంచి అశ్విని చూసింది. ఆ తేట ఏమిటో తనకు తెలుసు. మాట నోటిదాకా వచ్చింది. "తగలడనీ!" అనుకుని మింగేసింది. లోపల ఎంత హాయిగా ఉందో!

మేష్టారు మైక్రోస్కోపులో అశ్విని బుడగలు చూసి "బావున్నాయి" అన్నారు. అంతే. ప్రవల్లికవి చూసి మాత్రం లేచి నిలబడిపోయారు. రంగు కలిపిన కొవ్వులన్నీ చుక్కలు చుక్కలుగా గుమిగూడి ఉన్నాయి.

"కాల్షియం ఏమైనా తగిలిందామ్మా?"

"లేదు సార్. డిస్టిల్డ్ వాటరే పోసేను."

"లోహం లేకుండానే గుంపు కట్టాయా! నిజమైతే ఇది చిన్న విషయం కాదమ్మాయ్!"

అశ్విని కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. తప్పు చేసినా దానికే పొగడ్తా? ఇక ఆగలేకపోయింది.

"నీళ్ళు కాదు సార్, అది సున్నం తేట! పీహెచ్ పెరిగింది, కాల్షియం తగిలింది, అందుకే ముద్ద కట్టేయి. అది పోస్తుంటే నా కళ్ళతో సూసేను!"

నోరు జారాక గాని ఏమన్నదో తనకే తెలిసిరాలేదు. మేష్టారు అశ్విని వైపు తిరిగారు. ప్రవల్లిక మొహం పాలిపోయింది.

"సూసేవా? సూసి ఊరుకున్నావా అక్కా?"

అశ్విని గబగబా తన బల్ల సర్దడం మొదలెట్టింది.

"ఒక్క మాట సెప్పుంటే పారబోసి మళ్ళీ సేసుకుందును కదా" అంటూనే ప్రవల్లిక కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకమ్మా. రేపు మళ్ళీ చెయ్యి. నీ సీటు ఎక్కడికీ పోదు" అన్నారు మేష్టారు.

సిగ్గుతో తల వంచుకోవాల్సిన వేళ. అశ్విని వంచుకుంది కూడా. కానీ ఆయన తన మంచినీళ్ళ బాటిల్ మూత తీసి ప్రవల్లికకు అందించడం ఓరకంట చూసింది. ఆ జాలి కూడా దానికే దక్కిందే అని కడుపు మళ్ళీ భగ్గుమంది.