తీసే చెయ్యి, తీసేసే చెయ్యి

అన్నయ్య స్టూడియోలో ఆమెది వెనక గది. ముందు గదిలో అన్నయ్య ఫోటోలు తీస్తాడు, వెనక గదిలో చెల్లెలు తీసేస్తుంది. పెళ్ళికొడుకు మొటిమలు, పెద్దావిడ మెడ మీది ముడతలు, గ్రూపు ఫోటోలో వెనకాల నోరంతా తెరిచి ఆవులిస్తున్న వంటాయన, గొడవపడి వెళ్ళిపోయాక ఎవరికీ అక్కర్లేకుండా పోయిన అల్లుడు, అందరూ ఆమె కంప్యూటరులో మాయమైపోవలసిందే. అలా చేసీ చేసీ ఆమెకొక పేరుందన్న సంగతి జనం మరిచిపోయారు. నలభై దాటినా 'టచప్ అమ్మాయి' అనే పిలుస్తారు.

ఒకరోజు ఉన్నట్టుండి, తనూ ఫోటోలు తీస్తానంది. అన్నయ్య నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. తీయడం వేరు, దిద్దడం వేరన్నాడు. మనుషుల్ని చూస్తేనే ముడుచుకుపోయేదానివి, నీకెందుకే అన్నాడు. ఆ మాటకి ఆమెకి రోషం పొడుచుకొచ్చింది. ఒక్కతే వారం రోజులు తిరిగొస్తాననీ, చూడదగ్గ ఫోటో ఒక్కటి తెస్తే ముందు గదిలో తనకి సగం పనివ్వాలనీ, తేలేకపోతే నోరు మూసుకుని వెనక గదిలో కూర్చుంటాననీ, మళ్ళీ జన్మలో ఈ ఊసెత్తననీ పందెం కాసింది. అన్నయ్య తన పాత కెమెరా ఇచ్చి, వానలో తడపకు, అని మాత్రం చెప్పాడు.

తిరుగుడంటే అలా ఇలా కాదు, కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒక ఊళ్ళో బస్సు దిగేసరికే పక్క ఊరు బాగుంటుందేమో అనిపించేది. అక్కడికి పోతే, వదిలొచ్చిన ఊరే నయమనిపించేది. నచ్చిన చోటు దొరికితే ఇంకో తంటా, అక్కడ ఎవరో ఒకరు ఉండేవారు. మెట్లు బాగుంటే మెట్ల మీద ఒక తాతగారు, కిటికీ బాగుంటే కిటికీలో బట్టలారేసే ఇల్లాలు. వాళ్ళు తప్పుకునేదాకా చెట్టు చాటునో స్తంభం చాటునో కాచుకుని, చోటు శుభ్రమయ్యాక తీసేది.

లాడ్జి గదిలో మంచం మీద కూర్చుని ఆ ఫోటోలన్నీ చూసుకుంటే గుండె జారిపోయింది. ఖాళీ మెట్లు, ఖాళీ కిటికీ, ఖాళీ సందు. ఏదో గండం వచ్చి జనమంతా ఊళ్ళు ఖాళీ చేసినట్టుంది. ఎక్కడ తప్పు చేస్తోందో తెలియదు, చేస్తోందని మాత్రం తెలుసు. కొన్నిటి అంచుల్లో తన నీడ పడింది. ఇంటికెళ్ళాక తీసేయాలనుకుంది. అన్నయ్యే గెలుస్తాడని ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

చివరి రోజు సాయంకాలం ఒక బస్టాపు దగ్గర నీలం గోడ కనబడింది. పెచ్చులూడిన గోడ, దాని ముందు సిమెంటు బల్ల, ఏటవాలు ఎండ. బల్ల మీద గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలావిడ. సరే, బస్సు వస్తే పోతుంది కదా అనుకుంది. బస్సు వచ్చింది, ముసలావిడ లేవలేదు. బస్సు పోయింది. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. టచప్ అమ్మాయి మూల మలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఎండ గోడ దిగిపోతోంది. ఆవిడని లోపల్లోపల ఎన్ని తిట్లు తిట్టిందో లెక్కలేదు. ఇంతలో ఆవిడ జుట్టు సర్దుకుని, కొంగు భుజం మీదుగా కప్పుకుని, చేత్తో పిలిచింది.

"ఎంతసేపని మొహమాటపడతావమ్మా? ఇందాకట్నుంచీ చూస్తున్నా, అడగబోతావు, వెనక్కి పోతావు. నీకోసమే బస్సు కూడా వదిలేశాను. తీసుకో."

టచప్ అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. లేవదేమా అని తను కాచుకుంది, తీయదేమా అని ఆవిడ కాచుకుంది. మీరు కాదండీ, నాకు గోడ కావాలి, అని ఏ నోటితో చెబుతుంది? నీళ్ళు నములుతూ కెమెరా ఎత్తింది. ఎత్తగానే అలవాటు కొద్దీ చూపు ఆవిడ ముక్కు పక్కనున్న పులిపిరి మీదికి పోయింది. అది ఆవిడ కనిపెట్టేసింది.

"ఇదీ పడాలి. పోయినసారి స్టూడియోవాళ్ళు తీసిపారేశారు. ఫోటో చూసి మా చెల్లెలనుకున్నాను."

టచప్ అమ్మాయికి నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. ఇన్నేళ్ళలో తను ఎంతమందిని వాళ్ళ చెల్లెళ్ళని చేసిందో! ముసలావిడకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే తీసింది. ఎదుట ఉన్న మనిషి తప్పుకోవాలని ఆమె కోరుకోకపోవడం అదే మొదటిసారి.

ఫోటో ఫోనులోకి ఎక్కించి అన్నయ్యకి పంపించింది. కాసేపటికి ఫోను మోగింది.

"ఎవరే ఈవిడ? భలే ఉంది. గోడంతా ఆవిడదే అన్నట్టు కూర్చుంది," అన్నాడు. తర్వాత పనివాడి కన్ను ఊరుకోదు కదా, "ఆవిడ ఒళ్ళో నీ నీడ పడింది, చూసుకోలేదా? పర్లేదు, వచ్చాక తీసేద్దువుగాని."

ఆమె మళ్ళీ ఫోటో చూసుకుంది. గొడుగు మీద, ఆవిడ ముడతల చేతుల మీద, కెమెరా ఎత్తిన మోచేతులతో సహా తన నీడ.

"తీయను," అంది. "అది నేను అన్నయ్యా."

అవతల ముందు గదిలో ఎవరో దగ్గడం, కుర్చీ జరగడం వినబడ్డాయి.

"అయితే వెనక గదికి ఇంకెవరినైనా వెతుక్కోవాలన్నమాట," అన్నాడు అన్నయ్య.